వాసన తెలియని మనిషికి నూనెలు

నల్లగండ్లలో మేము కిరాయికి ఉన్న అపార్ట్‌మెంటు కింద, వీధి వైపున మూడు షట్టర్లు ఉండేవి. ఒకటి మందుల దుకాణం, ఒకటి జిరాక్స్ సెంటర్, మూడోది మా ఆవిడ నడిపిన కర్రీ పాయింట్. సాయంత్రం కంపెనీ బస్సులు దిగే వేళకు వేపుళ్ళు, పప్పు, పులుసు తయారుగా ఉండాలి. అన్నం ఇంట్లో కుక్కర్లో పెట్టుకుని, కూరలు మాత్రం కవర్లలో కట్టించుకుపోయే కుటుంబాల మీద ఆ దుకాణం నడిచేది. నేను ఒక దినపత్రికలో డెస్కు మీద పనిచేసేవాణ్ణి. మధ్యాహ్నం ఇల్లు వదిలితే ఎడిషన్ వెళ్ళాకే తిరిగి రావడం. కాబట్టి ఆ దుకాణంలో నా చెయ్యి ఏమీ లేదు. వంటా ఆవిడదే, పేరూ ఆవిడదే.

ఆవిడ వంటలో ఒక పట్టింపు ఉండేది. పదిమందికి పెట్టే కూరను వండేవాళ్ళు నోట్లో వేసుకుని చూడకూడదు. చూస్తే ఎంగిలి. మా అత్తగారి ఇంట్లో పెళ్ళిళ్ళకు వండిన ఆడవాళ్ళందరూ ఆ పద్ధతిలోనే వండారు. ఉప్పు సరిపోయిందో లేదో, పులుపు ఉడికిందో లేదో, మూత తీసి ఆవిరి మీదికి వంగి వాసన చూసి చెప్పేవాళ్ళు. మా ఆవిడా అంతే. అమ్ముకునే కూరే కదా, కొంచెం రుచి చూస్తే ఏం పోయింది అని నేను మొదట్లో అన్నాను. డబ్బిచ్చి తినేవాళ్ళకు ఎంగిలి పెట్టమంటావా అని అడిగింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అవి ఉద్యమం రోజులు. తెలంగాణ రాష్ట్రం కావాలని వారానికో బంద్, రెండు వారాలకో రాస్తారోకో. మాది వరంగల్ పక్క. మేము ఎటువైపో ఎవరూ అడగనక్కర్లేదు. రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండి, రోడ్డు మీదే కూర్చుని తినే వంటావార్పు నిరసనలు లింగంపల్లి వైపు జరిగినప్పుడల్లా మా గుండిగలు అక్కడికి వెళ్ళేవి. మా ఆవిడ కొంగు బిగించి పులిహోర కలిపేది. సాయంత్రానికి అదే మనిషి షట్టర్ సగం దించి, కింద నుంచి వంగి చెయ్యి చాపిన కడప వాళ్ళకూ గుంటూరు వాళ్ళకూ గుత్తి వంకాయ కట్టించేది. బంద్ రోజున ఐటీ వాళ్ళంతా ఇళ్ళలోనే కూర్చుని పనిచేసేవారు కాబట్టి గిరాకీ ఇంకా ఎక్కువ. ఆ రోజుల్లో చాలా హోటళ్ళు బోర్డుల మీద ఆంధ్ర అన్న మాట మీద రంగు పూయించుకున్నాయి. మా బోర్డు మీద కర్రీ పాయింట్ అని తప్ప ఇంకేమీ లేదు. పూయడానికి ఏమీ లేకపోయింది.

మా ఎదురు ఫ్లాటులో కడప జిల్లా వాళ్ళు ఉండేవారు. ఆయన రియల్ ఎస్టేట్, ఆవిడ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. దుకాణం తెరిచిన రోజు నుంచీ ఎదురింటావిడ మా గిరాకీ. మా ఆవిడను అక్కా అని పిలిచేది. ఇద్దరూ కలిసి కూరగాయలకు వెళ్ళేవారు, చీరలకు వెళ్ళేవారు. ఉద్యమం వేడెక్కాక ఒక్క మార్పే వచ్చింది. అంతకుముందు రెండిళ్ళ తలుపులూ తెరిచే ఉండేవి. ఇప్పుడు టీవీలో వార్తలు వచ్చే వేళకు వాళ్ళు వాళ్ళ తలుపు వేసుకునేవారు, మేము మా తలుపు వేసుకునేవాళ్ళం. వార్తలయ్యాక ఎవరో ఒకరు ముందు తీసేవారు.

ఒక చలికాలం మా ఆవిడకు గట్టి జలుబుతో జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గిన రెండో రోజే దుకాణం తెరిచింది. పెద్ద మూకుడులో పోపు వేసి, పక్కన టమాటాలు తరుగుతోంది. కూర కోసం వచ్చి నిలబడ్డ ఎదురింటావిడ కంగారుగా లోపలికి వచ్చేసింది.

"అక్కా, మాడిపోతా ఉంది చూడు."

మా ఆవిడ మూకుడు వైపు చూసింది. ఆవాలు నల్లబడి పొగ లేస్తోంది. పొగ కళ్ళకు కనపడింది గానీ ముక్కుకు ఏమీ తెలియలేదు. వెల్లుల్లి నలిపి చూసుకుంది. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. ఆ పూట షట్టర్ దించేసి పైకి వచ్చి, నేను ఆఫీసుకు బయలుదేరబోతుంటే, నా చొక్కా భుజం దగ్గర మొహం పెట్టి గట్టిగా పీల్చింది. "నీ వాసన గూడ ఒస్తలేదు" అంది.

కొండాపూర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒకాయన దగ్గరికి తీసుకుపోయాను. జ్వరంలో వాసన నరం దెబ్బతిన్నదనీ, దానికి మందు లేదనీ, కొందరికి నెలల్లో తిరిగి వస్తుందనీ చెప్పాడు. ముక్కుకు అభ్యాసం చేయించాలన్నాడు. పూవు ఒకటి, పండు ఒకటి, మసాలా ఒకటి, ఆకు ఒకటి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. ఈ నాలుగు తైలాలు పొద్దునా సాయంత్రం ఒకదాని తర్వాత ఒకటి వాసన చూడాలి. చూసేటప్పుడు ఆ వస్తువునే మనసులో తలుచుకోవాలి. మొదట ఏమీ రాదు. తర్వాత ఏదో వస్తుంది. అది సరైన వాసనే కావాలని లేదు, కొందరికి అన్నీ మాడిన వాసనో, కిరసనాయిలు వాసనో వేస్తాయి, భయపడొద్దు అని కూడా చెప్పాడు. ఆ చివరి మాట మా ఇద్దరికీ బాగా గుర్తుండిపోయింది.

నూనెల గురించి ఆయన పట్టుదలగా మాట్లాడాడు. గదిలో కొట్టే స్ప్రేలూ, అగరుబత్తుల సెంట్లూ పనికిరావు. సీసాలో ఆ మొక్క నుంచి తీసిన తైలమే ఉండాలి. నల్లని లేదా గోధుమరంగు గాజు సీసా కావాలి, ప్లాస్టిక్ వద్దు. చర్మానికి నేరుగా రాయొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. కొనేటప్పుడు వాసన బాగా తెలిసినవాళ్ళు చూసి ఎంచాలి, ఈవిడ వల్ల కాదు కదా అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది.

నాకు వెంటనే తట్టిన మిత్రుడు ఒకడున్నాడు. మా జిల్లా వాడే. ఉద్యమంలో ముందు వరసలో కూర్చునేవాడు. కార్యక్రమాల ప్రకటనలు తెచ్చి మా డెస్కు మీద పెట్టి, చాయ్ తాగి, నలుగురినీ నవ్వించి పోయేవాడు. నన్ను అన్నా అనీ, మా ఆవిడను వదినా అనీ పిలిచేవాడు. బాలానగర్‌లో పాత వర్క్‌షాపుల మధ్య ఒక షెడ్డు తీసుకుని, డ్రమ్ములలో నూనెలు తెప్పించి, చిన్న సీసాల్లో నింపి అమ్మేవాడు. మాదాపూర్‌లో ఒక మాల్‌లో అతనికి చిన్న స్టాల్ ఉండేది. మెడనొప్పి, నిద్రలేమి, ఒత్తిడి ఉన్న ఐటీ వాళ్ళు అక్కడికి వచ్చేవారు. ఫోన్ చేసి మా ఆవిడ సంగతంతా చెప్పాను. వాసన బొత్తిగా రావడం లేదని, డాక్టరు ఏమన్నాడని, దుకాణం దాని మీదే ఆధారపడి ఉందని.

"ఫికర్ చెయ్యకన్నా," అన్నాడు. "బెంగుళూరు కంపెనీల సీసాలెందుకు, ఆంధ్రోళ్ళ దుకాణాలెందుకు? మన సరుకు మనం కొనకుంటే రేపు రాష్ట్రం ఒచ్చినంక ఏం చేస్తం? వదినను తీస్కరా."

ఆ మాట ఇప్పుడు చదివేవాళ్ళకు ఎలా ఉంటుందో గానీ, అప్పుడు మా అందరికీ సహజంగా ఉండేది. పాల ప్యాకెట్ ఎవరిదో చూసి తెచ్చుకునేవాళ్ళం. దర్జీకి గుడ్డ ఇచ్చేముందు మీది ఏ జిల్లా అని అడిగేవాళ్ళం. పిల్లల బడి కోసం బాచుపల్లిలో తిరిగిన మా సహోద్యోగి ఒకడు, లైబ్రరీ, ఆటస్థలం చూడకుండా యజమాని ఊరు తెలుసుకుని వచ్చాడు. అవతలి వాళ్ళూ అదే చేసేవారు. అందరం అట్లాగే ఎంచుకున్నాం.

స్టాల్‌లో మిత్రుడు మా ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. తెల్లని కాగితం పట్టీలు తీసి, ఒక్కో సీసా నుంచి ఒక్కో బొట్టు వేసి, గాలిలో రెండుసార్లు ఊపి నా చేతికి ఇచ్చాడు. ముక్కుకు ఆనించొద్దు, దూరంగా పట్టుకో అన్నాడు. రెండు చూశాక, నీ చొక్కా మోచేతి దగ్గర వాసన చూడు, ముక్కు తెరిపిన పడుతుంది అన్నాడు. నిజంగానే పడింది. నిమ్మ నూనె పట్టీ పెట్టగానే కాయ మీద గోరు దించినట్టు అనిపించింది. లవంగం గొంతు దాకా దిగింది. గులాబీ మాత్రం మొదట తేనెలా ఉండి, తర్వాత కొంచెం మిరియం ఘాటు. అసలు గులాబీ అట్లనే ఉంటదన్నా, సెంటు గులాబీ అయితే మొదటనే తియ్యగా మీద పడ్తది అని వివరించాడు.

మా ఆవిడ చేతికీ పట్టీలు ఇచ్చాడు. ఆమెకు ఏమీ తెలియదు కదా. పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని నా మొహం చూస్తూ కూర్చుంది. నేను తల ఊపిన వాటిని ఒక పక్కకు, ఊపని వాటిని ఇంకో పక్కకు పెట్టింది.

"మంచిగున్నయా?"

"మంచిగున్నయ్."

"నిజంగ?"

"నిజంగనే."

నాలుగూ ఎంచాం. కట్టివ్వబోతూ మిత్రుడు ఆగి, షోకేసులో ఉన్నవి వెలుగు తగిలి పాతబడ్డాయనీ, తాజా సరుకు బాలానగర్‌లో నింపించి పొద్దున్నే ఇంటికి పంపిస్తాననీ అన్నాడు. పంపాడు కూడా. గోధుమరంగు సీసాలు, డ్రాపర్ మూతలు, అందమైన అట్టపెట్టె. మూతలు తీసి చూశాను. గులాబీ గులాబీలాగే ఉంది, నిమ్మ నిమ్మలాగే ఉంది. కొంచెం ఘాటు ఎక్కువ. తాజా సరుకు కదా అనుకున్నాను.

మా ఆవిడ బాల్కనీలో ముక్కాలి పీట వేసుకుని మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుని సీసా పట్టుకునేది. పెదవులు కదిలేవి. గులాబీ, గులాబీ అని లోలోపల అనుకుంటోందని నాకు తెలిసేది. దుకాణంలో ఆమె ముక్కు ఎదురింటావిడ అయింది. ఇంటి నుంచి పని ఉన్న రోజుల్లో ల్యాప్‌టాప్ మూసి కిందికి దిగి, ఒక్కో గిన్నె మూత తీసి ఆవిరి చూసి, "పులుసులో ఇంగా పచ్చి వాసన ఉండాదక్కా, రెండు నిమిషాలు ఉంచు" అని చెప్పి పోయేది. ఆవిడకు ఆఫీసు ఉన్న రోజు మా ఆవిడకు ఆ ఆధారమూ లేదు. ఉప్పు భయం భయంగా వేసేది. రుచి చూడు, ఇప్పుడు తప్పులేదు అన్నాను. ఒకసారి చూసింది కూడా. వాసన లేని నాలుకకు ఉప్పు, కారం, పులుపు తప్ప ఇంకేమీ చిక్కలేదు. చూసీ లాభం లేకపోయె అంది.

నా సెలవు రోజున ఎదురింటావిడ బాల్కనీలోకి వచ్చింది. మా ఆవిడ సీసాలు చేతికిచ్చింది.

"జర నువ్ చూడు. ఎట్లుంటయో చెప్పు. నేను మనసుల అనుకునేటందుకు."

ఆవిడ ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది. రెండోదాని దగ్గర కాస్త ఆగింది. నాలుగోది దూరం నుంచే చూసి మూత పెట్టేసింది. ఎక్కడివి అని అడిగింది. మిత్రుడి పేరు చెప్పాం. లింగంపల్లి చౌరస్తాలో ఆయన్ని మా పక్కన చూసిన మనిషే ఆవిడ. "బాగుండాయక్కా" అని, పాలు పొయ్యి మీద పెట్టొచ్చానంటూ వెళ్ళిపోయింది.

కొన్ని వారాల తర్వాత, ఎండలు మొదలయ్యే ముందు, మా ఆవిడ బాల్కనీ నుంచి పిలిచింది. ఏదో తెలుస్తోందంది. మేమిద్దరం చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఏ వాసన అని అడిగాను. లవంగం సీసా మళ్ళీ చూసింది, గులాబీ చూసింది, మిగతా రెండూ చూసింది. మొహంలో వెలుగు మెల్లగా తగ్గింది.

"నాలుగూ ఒక్క తీరుగనే ఉన్నయ్. పెయింటు ఏసిన ఇంట్ల జొరబడ్డట్టు."

పై అంతస్తులో ఎవరో గృహప్రవేశానికి రంగులు వేయిస్తున్నారు. నల్లగండ్లలో అప్పుడు ఎటు చూసినా కొత్త ఫ్లాట్లకు రంగులే. అదే అయ్యుంటుందన్నాను. రంగుల పని అయిపోయింది. సీసాల్లో ఆ వాసన పోలేదు. ఎదురింటావిడతోనూ ఆ మాట చెప్పుకుంది. డాక్టరు దగ్గరికి వెళితే, చెప్పాను కదమ్మా, నరం తిరిగి అతుక్కునేటప్పుడు తప్పు వాసనలు వేస్తాయి, ఆపకండి అన్నాడు. సీసాలు అయిపోతే మిత్రుడు కొత్తవి పంపాడు. ఎట్లుంది వదినకు అని ప్రతిసారీ ప్రేమగా అడిగాడు.

ఆమె ఆపలేదు. కానీ కళ్ళు మూసుకుని తలుచుకోవడం మానేసింది. నేను గులాబీ అనుకుంటుంటే ముక్కేమో పెయింటు అంటోంది, ఎవరి మాట వినాలి అంది. నా ముక్కు తప్పు నేర్చుకుంటున్నది అని కూడా అంది. దుకాణంలో అప్పుడప్పుడూ ఏవో వాసనలు తోచినా నమ్మడం మానేసింది. వంకాయ వేగిన వాసన వచ్చినట్టు అనిపిస్తే, నాకట్లా అనిపిస్తుంది గానీ నిజం కాదు అని పొయ్యి మీదే ఉంచి మాడ్చుకుంది.

ఎండాకాలంలో ఎదురింటి వాళ్ళు పిల్లల సెలవులకు కడప వెళ్ళారు. ఒక మధ్యాహ్నం వండిన సొరకాయ పప్పు సాయంత్రానికి పులిసిపోయింది. గిన్నె మీద వంగినప్పుడు పుల్లగా ఏదో వచ్చిందట. ముక్కు మళ్ళీ అబద్ధం చెబుతోందని, కట్టి ఇచ్చేసింది. కవర్లు వెనక్కి వచ్చాయి. ఎవరూ గొడవ చేయలేదు. పసిపిల్ల తల్లి ఒకామె మాత్రం, కవరు బల్ల మీద పెట్టి, మీరు వండుతున్నారని నమ్మి పాపకు పెట్టబోయానండీ అని నెమ్మదిగా అని వెళ్ళిపోయింది. ఆ మాటతో మా ఆవిడ దుకాణం వదిలేయాలని నిశ్చయించుకుంది. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నాను. ఎవరి పిల్లకన్నా ఏమన్నా అయితే నువ్వొస్తవా అంది. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన భార్యాభర్తలకు ఆ షట్టర్ అప్పగించాం.

తాళాలు ఇచ్చేసిన రోజు గిన్నెలన్నీ పైకి తెచ్చి హాల్లో పరిచాం. ఎదురింటావిడ ఊరి నుంచి తిరిగొచ్చి కొన్నాళ్ళయింది. సంగతి తెలిసి ఆఫీసు నుంచి రాగానే నేరుగా మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు వదిలింది. కింద కూర్చుని గుండిగ తుడుస్తున్న మా ఆవిడ తల ఎత్తింది.

"నిమ్మగడ్డి చాయ్ తాగొచ్చినవా?"

ఆవిడ నిలబడిపోయింది. చాయ్ తాగలేదు. తలనొప్పిగా ఉందని నిమ్మగడ్డి నూనె కొబ్బరినూనెలో కలిపి కణతలకు రాసుకుని వచ్చింది. ఆమెకు అలాంటి నూనెల పెట్టె ఒకటి ఉందనీ, ఏళ్ళుగా వాడుతోందనీ నాకు అప్పుడే తెలిసింది. ఆవిడే వెళ్ళి ఆ పెట్టె తెచ్చింది.

మా ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ ఒక సీసా మూత తీసి ముందు పెట్టింది. లవంగం, అంది మా ఆవిడ. ఇంకొకటి. నిమ్మ. ఇంకొకటి. ఇది తెల్వది గని పువ్వు, అంది. అది లావెండర్. మా ఆవిడ జన్మలో ఎన్నడూ చూడని పువ్వు. మళ్ళీ నిమ్మ ఇచ్చి చూశారు. నిమ్మే అంది. తర్వాత తనే లేచి వెళ్ళి బాల్కనీలోంచి మా సీసాలు తెచ్చుకుని చూసింది. పెయింటు. నాలుగూ పెయింటే.

అప్పుడు కళ్ళు తెరిచి ఎదురింటావిడను చూసింది. ఆవిడ తల దించుకుని ఉంది. నేను అడగాల్సింది ఆమే అడిగింది.

"నీకెరుకనా?"

"ఆ పొద్దే తెలిసిందక్కా. అడుగున అంతా పెయింటులో కలిపే టర్పెంటైనే. పైన ఏందో సెంటు పోసినారు."

"మంచిగున్నయంటివి."

"ఆయప్ప మీ మనిషి. రోడ్డు మీద మీ పక్కన కూచునే మనిషి. నేను కల్తీ అంటే, కడపోళ్ళు గదా, మనోళ్ళ మీద చెప్తాండారు అనుకోరా?"

"పోపు మాడితే చెప్పినవ్ గద."

"పోపు మీది. అది చెప్తే ఎవురినీ అన్నట్టు గాదు."

"నన్నడిగి చూడాల్సింది."

"అడిగే రోజులా అక్కా అవి?"

మా ఆవిడ గుడ్డ తీసుకుని మళ్ళీ గుండిగ తుడవడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు.

"నా ముక్కు నాకొచ్చిన సంగతి నీకెరుక. నాకెరుక లేదు. పప్పు పులిసిన దినం గూడ నాకు వాసనొచ్చింది. నేనే దాన్ని నమ్మకపోతి."

ఎదురింటావిడ ఏడ్చింది. మా ఆవిడ ఓదార్చలేదు, పొమ్మననూ లేదు. కాసేపటికి ఆవిడే పెట్టె మూసుకుని, అది మా ఇంట్లోనే ఉంచాలా తీసుకుపోవాలా తేల్చుకోలేక చేతిలో పట్టుకుని నిలబడి, చివరికి తీసుకుని వెళ్ళిపోయింది. రెండు తలుపులూ పడ్డాయి. అది వార్తల వేళ కాదు.

మర్నాడు బాలానగర్ వెళ్ళాను. లేతు మిషన్ల చప్పుడు మధ్య, రేకుల షెడ్డు. నీలం డ్రమ్ములు, గరాటు, పేర్లు అంటించని సీసాల వరసలు. మిత్రుడు నన్ను చూసి సంతోషపడి చాయ్ చెప్పాడు. ఆరోపణ వచ్చిన మనిషి వివరణ తీసుకోకుండా వార్త వేయకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. ఆ అలవాటుతోనే, గొంతులో ఏమీ పలకకుండా, జరిగింది చెప్పి అడిగాను.

మొదట నవ్వాడు. "ఏందన్నా, నా మీదనే వార్త రాస్తవా?" అన్నాడు. డీలరు మోసం చేసి ఉంటాడన్నాడు. నేను ఊరుకున్నాను. పత్రికలో అదీ నేర్పుతారు. ఎదుటివాడు ఆపేశాక ఇంకాసేపు ఊరుకుంటే, అసలు మాట అప్పుడు వస్తుంది.

"వదినకు వాసనే రాదంటివి గదనే," అన్నాడు. "రాని ముక్కుకు అసలు సరుకు పోసుడెందుకు? గులాబీ ఏం ధరున్నదో ఎరుకేనా? షాపుల నువ్ చూసినయి అసలువే. నిన్నేం మోసం జెయ్యలే."

"ఆమెను?"

"ఆమెకు తెల్వదనుకున్న." చాయ్ గ్లాసు నా వైపు జరిపాడు. "ఊకో అన్నా. ఉద్యమంల మేం పెట్టే ఖర్చు నీకెరుకే. మనోళ్ళం మనోళ్ళం గిట్ల పంచాది పెట్టుకుంటే అవతలోడు నవ్వడా?"

ఆ మాట మీద అతనికి నిజంగానే నమ్మకం ఉన్నట్టుంది. కళ్ళల్లో తప్పు చేసిన బెరుకు లేదు. నా మీద చిన్న నొచ్చుకోలు మాత్రం ఉంది, ఇంత చిన్న సంగతికి ఇంత దూరం వచ్చానని. చాయ్ తాగకుండా లేచాను. బస్‌స్టాప్ దాకా వచ్చి దిగబెట్టాడు. రేపు ధర్నా ఉంది, మర్చిపోకు అన్నాడు.

ఇంటికి వచ్చి అతను అన్నదంతా ఉన్నదున్నట్టు మా ఆవిడకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బేరగాడు బేరం చేసిండు అంది. ఆమెకు కోపం ఎదురింటావిడ మీదే ఉండింది. ఆమె నా చేతి కూర తిన్నది, నా గిన్నెల వాసన నాకు చెప్పింది, ఇది చెప్పకపోయింది అని ఆ తర్వాత చాలాసార్లు అంది. నాకేమో ఆవిడ మీద అంత కోపం రాలేదు. ఆవిడ భయపడింది, అంతే. నన్ను కోసింది మిత్రుడి మాట. ఫోన్లో నేను నమ్మకంతో విప్పి చెప్పిన సంగతినే, ఏ సీసాలో ఏం పోయాలో తేల్చుకోవడానికి వాడుకున్నాడు. ఈ విషయంలో మా ఇద్దరి లెక్కలూ ఇప్పటికీ కలవవు.

అతని ప్రకటనలు తర్వాత కూడా మా డెస్కుకు వచ్చాయి. ధర్నా, దీక్ష, ఖండన. ఉద్యమం అతని ఒక్కడిదీ కాదు. తప్పులు దిద్ది, శీర్షిక పెట్టి, లోపలి పేజీకి పంపాను. గోదావరి వాళ్ళ కర్రీ పాయింట్ బాగా నడిచింది. షట్టర్ తిరిగి ఇస్తారేమో అడుగుదామా అన్నాను ఒకసారి. వాళ్ళూ పొట్టకొచ్చినోళ్ళే, ఎందుకడగాలె అని కొట్టిపారేసింది. కానీ సాయంత్రం పూట ఆ వైపు నుంచి కాకుండా వెనక గేటు నుంచి వచ్చేది.

ముక్కు ఇంకా పూర్తిగా రాలేదు. అభ్యాసం మానొద్దని డాక్టరు చెప్పాడు. కొత్త నూనెలు కొనాలి. ఎదురింటావిడ తన భర్త చేత కబురు పంపింది, కావాలంటే తను తెప్పించి ఇస్తానని. మా ఆవిడ జవాబు చెప్పలేదు. ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని కూకట్‌పల్లిలో ఒక దుకాణానికి వెళ్ళింది. ఎవరిది, ఏ ఊరిది అని అడగలేదు. కట్టుగుడ్డ కొనడానికి వచ్చినట్టు బల్ల ముందు నిలబడి, ఒక్కో సీసా మూత తీయించుకుంది. చూసి, తల తిప్పి, తన మోచేతి మడతలో మొహం పెట్టుకుని, మళ్ళీ చూసింది. లవంగం దగ్గర మూడు సీసాలు మార్పించింది. గులాబీ ఏదీ నచ్చక, వద్దని పక్కన పెట్టేసి వట్టివేళ్ళ నూనె అడిగింది. దుకాణదారు విసుక్కున్నా పట్టించుకోలేదు. చాలా ఆలస్యం చేసింది.

చివరికి ఒకటి ఎంచి చేతిలోకి తీసుకుంది. దుకాణదారు మర్యాద కోసం ఇంకో పట్టీ మీద అదే నూనె బొట్టు వేసి, సార్ కూడా ఒకసారి చూస్తారా అని నా వైపు చాపాడు. నేను చెయ్యి చాచాను.

"ఆయనకొద్దు," అంది మా ఆవిడ. "కట్టియ్యండి."